బిళ్ళ గన్నేరులో కాన్సరు మందు: ఆకు నమిలితే మాత్రం ముప్పు

భీమవరం (గ్రామీణ విలేకరి): నూతి పళ్ళెం పక్కన, గుడి ప్రహరీ వెంబడి, కాలువ గట్ల మీద, ఆఖరికి శ్మశానాలలో సైతం ఎవరూ నీరు పోయకపోయినా ఏడాది పొడుగునా పూసే మొక్క బిళ్ళ గన్నేరు. తెల్లపూలది ఒకటి, గులాబి రంగు పూలది ఒకటి మన జిల్లాలో ఏ వూరు వెళ్ళినా కనిపిస్తాయి. ఆకు చేదు కావడంతో పశువులు, మేకలు మూతి పెట్టవు. కంచె అక్కర లేదు, కాపలా అక్కర లేదు. ఇంత చులకనగా పెరిగే ఈ మొక్క ఆకులోంచి తీసిన రెండు మందులు అరవై ఏళ్ళకు పైగా ప్రపంచమంతటా కాన్సరు రోగుల ప్రాణాలు కాపాడుతున్నాయంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ మందుల పేర్లు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో వున్నాయి. "బిళ్ళ గన్నేరులో కాన్సరు మందు వుందట" అనే మాట ఇప్పుడు రచ్చబండల దగ్గరా, సెల్‌ఫోన్లలోనూ తిరుగుతున్నది. మాట అబద్ధం కాదు. అయితే అందులో సగమే మన దాకా వచ్చింది. ఆకులో మందు వుంది గాని, ఆకే మందు కాదన్నది రెండో సగం. అది తెలియకపోతే రోగులు ఆకు పసర్లు తాగుతూ విలువైన నెలలు పోగొట్టుకునే ప్రమాదం వుంది. రాచపుండు అని మన పెద్దలు పిలిచే ఈ జబ్బులో ఒక్క నెల ఆలస్యం కూడా చిన్న విషయం కాదు. అందుకే ఈ మొక్క కథ మొదటినుంచీ తెలుసుకోవడం అవసరం.

షుగరు మందు కోసం వెదికితే...

బిళ్ళ గన్నేరు మన దేశపు మొక్క కాదు. దీని పుట్టిల్లు ఆఫ్రికా ఖండం పక్కనున్న మడగాస్కర్ దీవి. ఓడల మీద దేశదేశాలకు చేరి, ఎక్కడికక్కడ నాటుకుపోయింది. చిత్రమేమంటే ఒకరితో ఒకరికి సంబంధం లేని అనేక దేశాల నాటు వైద్యులు దీని ఆకును చక్కెర జబ్బుకే వాడారు. వెస్టిండీస్‌లోని జమైకాలోను, ఫిలిప్పీన్స్‌లోను ఆకు కాచి కషాయం తాగేవారు.

1952లో కెనడా దేశంలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. అందులో 25 బిళ్ళ గన్నేరు ఆకులున్నాయి. ఇన్సులిన్ దొరకని చోట ఈ ఆకు కషాయం తాగుతున్నారు, పరీక్షించి చూడండి అని దాని సారాంశం. ఆయన ఆ ఆకులను ఒంటారియో రాష్ట్రంలో పరిశోధన చేస్తున్న తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అప్పగించారు. రాబర్ట్ ఆకు కషాయాన్ని ఎలుకలకు తాగించి చూశారు. రక్తంలో చక్కెర ఏమాత్రం తగ్గలేదు. నోటి ద్వారా కాక సూదితో ఎక్కించి చూశారు. చక్కెర తగ్గలేదు సరిగదా, కొద్ది రోజులలోనే ఎలుకలు చీము పట్టి చనిపోయాయి.

వేరొకరైతే ఆ ఆకులను అవతల పారేసేవారు. నోబుల్ మాత్రం ఎలుకలు ఎందుకు చచ్చాయని ఆరా తీశారు. వాటి రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయినట్లు తేలింది. సూక్ష్మక్రిములతో పోరాడే సైన్యం తెల్ల కణాలే. సైన్యం లేకపోవడంతో క్రిములు విజృంభించి ఎలుకలను చంపాయి. రక్త కాన్సరులో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చెడిపోయిన తెల్ల కణాలు హద్దూ పద్దూ లేకుండా పెరిగిపోతాయి. తెల్ల కణాలను తగ్గించే పదార్థం ఆకులో వుంటే, ఆ జబ్బుకు అది పనికిరావచ్చునన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది.

చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1954లో నోబుల్‌తో చేరారు. ఆకులోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి, చివరకు విన్‌బ్లాస్టిన్‌ను పట్టుకున్నారు. 1958లో ఈ సంగతి లోకానికి వెల్లడించారు. ఇదే సమయంలో అమెరికాలోని ఎలీ లిల్లీ మందుల కంపెనీలో గోర్డన్ స్వోబోడా అనే శాస్త్రజ్ఞుడు కూడా నాటు వైద్యపు మాట పట్టుకునే బిళ్ళ గన్నేరును పరీక్షకు పెట్టారు. రక్త కాన్సరు సోకిన చిట్టెలుకలకు ఆకు సారం ఇస్తే ఎక్కువ కాలం బతికాయి. ఆ కంపెనీ వారు విన్‌క్రిస్టిన్ అనే రెండో మందును కూడా వెలికి తీశారు. విన్‌క్రిస్టిన్‌ను రోగులకు వాడేందుకు 1963లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. షుగరు మందు కోసం బయలుదేరిన వారికి ఆ విధంగా కాన్సరు మందు దొరికింది.

భీమవరం బిడ్డ మందుతో జోడీ

ఈ కథలో మన జిల్లాకు గర్వకారణమైన ఘట్టం ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన సంగతి తెలిసిందే. ఆయన బృందం పనిచేసిన ఫోలిక్ ఆమ్లం కథ కూడా ఆకుతోనే మొదలైంది. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి దానిని వేరు చేశారు. లాటిన్ భాషలో 'ఆకు' అనే అర్థమిచ్చే మాట నుంచే దానికి ఆ పేరు పెట్టారు.

శరీరంలో కొత్త కణాలు పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. చూడడానికి అచ్చం అలాగే వుండి పని మాత్రం చేయని నకిలీ పదార్థాన్ని తయారుచేస్తే కాన్సరు కణం మోసపోయి పెరుగుదల ఆగిపోతుంది. అటువంటి నకిలీలనే సుబ్బారావు బృందం తయారు చేసింది. వాటిలో ఒకదానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కాన్సరు పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా నెమ్మదించిందని 1948లో ప్రకటించారు. అంతకు ముందు ఆ పిల్లలకు చావు తప్ప వేరే దారి లేదు. అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

అయితే ఏ ఒక్క మందుతోనూ జబ్బు పూర్తిగా పోలేదు. కొన్ని నెలలకే తిరగబెట్టేది. 1960 తరువాత అమెరికా డాక్టర్లు నాలుగు మందులు కలిపి వాడి చూశారు. ఆ నాలుగింటిలో ఒకటి బిళ్ళ గన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్. మరొకటి సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మెథొట్రెక్సేట్. 1970 ప్రాంతానికి మంచి ఆసుపత్రులలో సగం మంది పిల్లలు బతికి బట్టకట్టసాగారు. నేడు సంపన్న దేశాలలో ఈ జబ్బు వచ్చిన పిల్లలలో 100కు 90 మంది దాకా బతుకుతున్నారు. ఈ విజయం ఒక్క మొక్కదే అనడం సరికాదు. అనేక మందులు, రక్తం ఎక్కించడం, ఏళ్ళ తరబడి క్రమం తప్పని చికిత్స అన్నీ కలిసి సాధించిన ఫలితమిది.

కొలతాడు లేక పంపకం ఆగినట్లు

ఇంతకూ ఈ మందు చేసే పనేమిటి? మన శరీరంలో కణం ఒకటి రెండుగా చీలుతూ పెరుగుతుంది. అన్నదమ్ములిద్దరు పొలం పంచుకోవాలంటే కొలతాడు కావాలి. కణం చీలేటప్పుడు కూడా లోపలి ఆస్తిని చెరి సగంగా అటూ ఇటూ లాగడానికి సన్నని దారాలు ఏర్పడతాయి. బిళ్ళ గన్నేరు మందు ఈ దారాలు పేనుకోకుండా అడ్డు తగులుతుంది. తాడు లేకపోతే పంపకం ఆగినట్లే, కణం చీలలేక చచ్చిపోతుంది.

కాన్సరు కణాలు అదే పనిగా చీలుతుంటాయి కనుక దెబ్బ ముందుగా వాటికే తగులుతుంది. అయితే మందుకు మంచీ చెడూ తెలియదు. జుట్టు కుదుళ్ళు, పేగు లోపలి పొర, ఎముకల మూలుగలో రక్తం పుట్టే చోటు కూడా త్వరగా చీలే కణాలతోనే నిండి వుంటాయి. వాటికీ దెబ్బ తగులుతుంది. విన్‌బ్లాస్టిన్ తెల్ల కణాలను పడగొడుతుంది. విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బ తీసి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కిస్తుంది, మలబద్ధకం తెస్తుంది. రక్తనాళంలోకే ఎక్కించవలసిన ఈ మందు పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది.

అందుకే మోతాదు విషయంలో డాక్టర్లు ఎంతో జాగ్రత్త పడతారు. పెద్దవారికైనా విన్‌క్రిస్టిన్ సాధారణంగా ఒక దఫాకు 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం వడ్లగింజ ఒకటి సుమారు 20 మిల్లీగ్రాములు తూగుతుంది. అందులో పదో వంతన్న మాట. అంత కొంచెం మందును రోగి ఎత్తు, బరువు లెక్క కట్టి, రక్తపరీక్ష చూసి ఎక్కిస్తారు.

బండెడు ఆకుకు చిటికెడు మందు

ఆకులో ఈ మందు ఎంత వుంటుందన్నది తరువాతి ప్రశ్న. ఒక్క గ్రాము మందు తీయాలంటే ఎండు ఆకు వందల కిలోలు కావాలి. బిళ్ళ గన్నేరు ఆకులో ఇటువంటి పదార్థాలు వందకు పైగా వున్నాయి. వాటిలో ఏది ఎంత వుంటుందన్నది నేలను బట్టి, రుతువును బట్టి, మొక్క వయసును బట్టి మారిపోతుంది. కాబట్టి గుప్పెడు ఆకు నూరి తాగిన వారి ఒంట్లోకి ఏది ఎంత వెళ్ళిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆకు వాడితే పనిచేయకపోవడం ఒక నష్టం. పనిచేస్తే ఇంకో నష్టం. 2004లో తైవాన్ దేశపు వైద్యులు, కాన్సరుకని బిళ్ళ గన్నేరు వాడిన రోగికి ఎముకల మూలుగ తీవ్రంగా దెబ్బతిన్న సంగతిని వైద్య పత్రికలో నమోదు చేశారు. నోబుల్ ప్రయోగశాలలో ఎలుకలకు పట్టిన గతిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నవారు రహస్యంగా ఆకు పసరు తాగితే అసలు మందుకు ఇది తోడై, తెల్ల కణాలు మరీ పడిపోయే ప్రమాదం వుంది. తీసుకుంటున్న పసర్లు, చూర్ణాలు ఏమైనా వుంటే డాక్టరు దగ్గర దాచకూడదు.

పేరు తెచ్చే ముప్పు మరొకటుంది. బిళ్ళ గన్నేరు వేరు, గన్నేరు వేరు, పచ్చ గన్నేరు వేరు. మూడూ ఒకే కుటుంబపు మొక్కలే అయినా గన్నేరులోను, పచ్చ గన్నేరు పప్పులోను వున్నది గుండె లయ తప్పించి చంపే విషం. "గన్నేరు ఆకు మంచిదట" అని ఒకరి నోట విని మరొకరు పొరబడితే ఆ పొరపాటు దిద్దుకోవడానికి వ్యవధి వుండదు.

వేల మొక్కలు జల్లెడ పడితే...

బిళ్ళ గన్నేరు విజయం చూశాక ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు అడవుల మీద పడ్డారు. అమెరికా జాతీయ కాన్సరు సంస్థ 1960 నుంచి 1982 వరకు వేల జాతుల మొక్కల నుంచి సుమారు 1,14,000 సారాలు తీసి పరీక్షించింది. అంత జల్లెడ పట్టినా రోగికి మందుగా అందినవి వేళ్ళమీద లెక్క పెట్టదగినన్నే.

వాటిలో పేరెన్నిక గన్నది టాక్సాల్. 1962లో అమెరికా పడమటి అడవులలో యూ అనే చెట్టు బెరడు సేకరించారు. దానిలోని మందును విడదీసి దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు మన్‌సుఖ్ వాణి. ఆయన మహారాష్ట్రలోని నందుర్బారులో జన్మించిన భారతీయుడు. మరొకరు మన్రో వాల్. స్త్రీల అండాశయ కాన్సరుకు ఆ మందు అనుమతి పొందింది 1992 చివరలో. అంటే బెరడు నుంచి సీసా దాకా రావడానికి 30 ఏళ్ళు పట్టింది. బెరడు వొలిస్తే చెట్టు చచ్చిపోతుంది గనుక అడవి మిగలదన్న ఆందోళన బయలుదేరింది. తరువాత ఆకుల నుంచి, ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తయారు చేసే పద్ధతులు రావడంతో ఆ బాధ కొంత తీరింది.

ఈ ఇద్దరే 1966లో చైనా చెట్టు నుంచి కాంప్టోథెసిన్ అనే మరో పదార్థాన్ని కనుగొన్నారు. అదే పదార్థం మన పడమటి కనుమల చెట్టులో కూడా వున్నట్లు 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ అనే భారతీయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. హిమాలయాలలో పెరిగే పొడోఫిలం మొక్క వేరులోని పదార్థం ఆధారంగా తయారైన ఎటోపొసైడ్ 1983లో వాడకంలోకి వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ ఆకుగానో, బెరడుగానో రోగికి ఇచ్చేది కాదు. ప్రతిదీ వేరు చేసి, శుద్ధి చేసి, జంతువుల మీద, ఆ పైన మనుషుల మీద పరీక్షించి, మోతాదు తేల్చిన మీదటనే మందు అయింది.

"పసుపు కాన్సరు కణాలను చంపిందట", "ఫలానా ఆకు చంపిందట" అని వచ్చే వార్తలను కూడా ఈ దృష్టితోనే చూడాలి. గాజు పాత్రలో వున్న కణాలను బ్లీచింగ్ పౌడరు నీళ్ళు కూడా చంపుతాయి. మనిషి ఒంట్లో జబ్బును చంపి మనిషిని బతికించడమే అసలు పరీక్ష. పసుపులోని ముఖ్య పదార్థం తిన్నప్పుడు రక్తంలోకి చేరేది బహు స్వల్పం. కూరలో పసుపు మంచిదే గాని, కాన్సరుకు మందుగా దానికి ఇంతవరకు అనుమతి లేదు. కాన్సరు తగ్గిస్తుందని ఇటీవల పేరుపడిన లక్ష్మణ ఫలానిదీ అదే పరిస్థితి. పైగా ఆ జాతి పళ్ళు, ఆకు కషాయం ఎక్కువగా తీసుకునే గ్వాడెలూప్ దీవిలో ఒక రకం వణుకుడు జబ్బుకు, ఆ అలవాటుకు సంబంధం వుండవచ్చునని 1999లో పరిశోధకులు హెచ్చరించారు.

రైతుకు మేలుందా?

బిళ్ళ గన్నేరు సాగు చేయవచ్చునా అని రైతులు అడుగుతుంటారు. ఆకు కాన్సరు మందులకు, వేరు రక్తప్రసరణకు సంబంధించిన మందులకు ముడిసరుకు. తమిళనాడు దక్షిణ జిల్లాలలో దీనిని వాణిజ్య పంటగా వేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనా సంస్థ (సీమ్యాప్) నిర్మల్, ధవళ్ అనే రకాలను విడుదల చేసింది. హైదరాబాదు బోడుప్పల్‌లో ఈ సంస్థ కేంద్రం వుంది. నీరు నిలవని ఇసుక, గరప నేలలు దీనికి అనుకూలం. నీరు నిలిచే వరిచేలు పనికిరావు.

అయితే కొనేవారు కొద్దిమంది. కంపెనీతో ముందుగా రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ఎకరాలకు ఎకరాలు వేస్తే ఆకు ఇంట్లోనే మగ్గిపోతుంది. ఇదిలా వుండగా, ఈ మందులకు మూలమైన పదార్థాలను ఈస్టు చేత తయారు చేయించినట్లు డెన్మార్కులో పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించారు. రొట్టె పొంగడానికి వాడే ఈస్టు జాతిదే అది. ఆ పద్ధతి కర్మాగారాలకు విస్తరిస్తే ఆకుకు గిరాకీ తగ్గవచ్చునన్న సంగతి కూడా రైతు లెక్కలో వేసుకోవాలి.

నాటు వైద్యుని మాటకు విలువ

ఇదంతా చెప్పడం నాటు వైద్యాన్ని వెక్కిరించడానికి కాదు. జమైకా పల్లెవాసులు ఆ ఆకును గుర్తించి వుండకపోతే కెనడా ప్రయోగశాలకు అది చేరేదే కాదు. వారు చెప్పిన జబ్బు వేరు, దొరికిన మందు వేరు. అయినా ఈ ఆకులో ఏదో సత్తువ వుందన్న వారి మాట నిలిచింది. ఏ మొక్క ఎక్కడ పెరుగుతుంది, దేనికి వాడతారు అన్నది మన పల్లెల్లో ముసలివారికే తెలుసు. వారితో పాటే ఆ తెలివీ పోతున్నది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను కమిటీ ఏర్పడి, మొక్కలూ వాటి వాడకమూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. బిళ్ళ గన్నేరు మందుల మీద కంపెనీలు ఎంతో లాభం గడించినా, మొక్క పుట్టిల్లయిన మడగాస్కర్‌కు దక్కింది లేదన్న విమర్శ ఎప్పటి నుంచో వుంది. అటువంటి అన్యాయం జరగకుండా చూడడం ఈ చట్టం ఉద్దేశాలలో ఒకటి. రిజిస్టరు మీ పంచాయతీలో వుందో లేదో, వుంటే అందులో వూరి వైద్యులు చెప్పిన సంగతులు రాశారో లేదో గ్రామస్థులు అడిగి తెలుసుకోవచ్చు.

ఏం చేయాలి?

నోటిలో మూడు వారాలైనా మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం, కారణం లేకుండా చిక్కిపోవడం, తగ్గని దగ్గు, పిల్లలలో వదలని జ్వరంతో పాటు పాలిపోవడం, ఒంటిపై నీలి మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ఇవన్నీ కాన్సరే కానక్కర లేదు. అవునో కాదో తేల్చవలసింది మాత్రం డాక్టరే. చుట్ట, ముఖ్యంగా నిప్పు నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, ఖైనీ, గుట్కా అలవాటున్నవారు నోటిని అద్దంలో చూసుకుంటూ వుండాలి. 30 ఏళ్ళు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగమే. వూరి ఆశ కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడిగితే చెబుతారు. పేదలకు ఆసుపత్రి ఖర్చు భరించే ప్రభుత్వ పథకం 2007 నుంచి పేర్లు మారుతూ కొనసాగుతున్నది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వుంది.

ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగేటప్పుడు బీపీ, షుగరు అడిగినట్లే ఏ పసరు వాడుతున్నారో కూడా అడిగి, ఆకుకూ మందుకూ వున్న తేడా నచ్చజెప్పవలసి వుంది. సంతల్లో, తిరునాళ్ళలో కాన్సరు గ్యారంటీగా తగ్గిస్తామని చెప్పి చూర్ణాలు అమ్మేవారిపై చర్య తీసుకోవడానికి 1954 నాటి చట్టం వుంది. ఆ చట్టం కింద కాన్సరు నయం చేస్తామని ప్రకటించడమే నేరం. జిల్లా ఆరోగ్య, ఔషధ నియంత్రణ అధికారులు ఈ విషయంపై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా వుంది.